ఎమోజీ ఎవరికి పెట్టాలి, ఎక్కడ ఆపాలి: ఇంటి గ్రూపు నుంచి ఆఫీసు చాట్ దాకా

వాట్సాప్ తెరిచి నిన్నా మొన్నా మీరు పంపిన మెసేజ్‌లు ఒక పది చూడండి. ఎమోజీ ఉన్నచోటల్లా ఆ బొమ్మని వేలితో మూసేసి మిగిలింది చదవండి. విషయం అర్థమైతే మీ ఎమోజీ మాటకి తోడుగా ఉన్నట్టు. బొమ్మ తీసేస్తే అక్కడ ఏమీ మిగలకపోతే అది మాటకి బదులుగా కూర్చున్నట్టు. తోడుగా పెట్టిన ఎమోజీతో గొడవలు పెద్దగా రావు, వచ్చేవి ఎక్కువగా బదులుగా పెట్టినవాటితోనే.

ఉదాహరణకి "రేపు పొద్దున ఆరింటికి జూబ్లీ బస్ స్టేషన్‌లో దింపుతావా?" అని మీ మేనమామ అడిగారనుకోండి. "వస్తా మామయ్యా 🙂" అంటే ఆయన నిశ్చింతగా పడుకుంటారు. ఉత్త 🙂 ఒక్కటే పంపితే క్యాబ్ బుక్ చేసుకోవాలో వద్దో తెలియక రాత్రి పదిన్నరకి ఫోన్ చేస్తారు, అప్పుడు మీరు "ఎమోజీ పెట్టాగా మామయ్యా" అంటారు, ఆయనకి ఒళ్లు మండుతుంది. తప్పు ఆయనది కాదు.

ఇంతకీ ఎక్కడ బదులుగా పెట్టినా నడుస్తుందో, ఎక్కడ నడవదో వరసగా చూద్దాం.

మొదట: చదివేది ఎవరో చూసుకోండి

ఒకే బొమ్మని ఒక్కో వయసువాళ్లు ఒక్కోలా చదువుతారు, అసలు చిక్కంతా ఇక్కడే. 😂 తీసుకోండి. నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లు వచ్చాయని దాని అర్థం. 2015లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల వాళ్లు ఆ ఏటి మాటగా దీన్నే ఎంచుకున్నారు, అది మాట కాకపోయినా. కానీ చిన్న స్క్రీన్ మీద కళ్లజోడు లేకుండా చూసేవాళ్లకి ముందు కనిపించేది కన్నీళ్లే. చావు కబురు కింద ఎవరో పెద్దాయన 😂😂 పెట్టడం, మిగతావాళ్లు ఏం అనలేక ఊరుకోవడం చాలా కుటుంబాల గ్రూపుల్లో జరిగేదే. మీ ఇంట్లో పెద్దవాళ్లకి ఒక్కసారి పక్కన కూర్చుని 😢 ఏదో 😂 ఏదో పెద్దది చేసి చూపించండి, గ్రూపులో అందరి ముందూ సరిదిద్దకండి.

పిల్లల దగ్గర సంగతి తిరగబడింది. ఇంటర్, బీటెక్ వయసువాళ్లు గట్టిగా నవ్వొస్తే 😭 పెడతారు, ఇంకా నవ్వొస్తే 💀, అంటే నవ్వలేక చచ్చానని. అమీర్‌పేట హాస్టల్ నుంచి కొడుకు "మాక్ టెస్ట్ రాశా 💀" అని పంపితే నల్గొండలో ఉన్న తల్లికి పుర్రె కనిపిస్తుంది, వాడి నవ్వు కనిపించదు. మీరు ఆ కొడుకైతే అమ్మకి పంపేటప్పుడు పుర్రె మానేయండి. మీరు ఆ తల్లైతే కంగారుపడే ముందు "నవ్వుతున్నావా, నిజంగా పోయిందా?" అని అడగండి, చెప్తాడు.

🙂 ఇంకా మెలిక ఉన్నది. యాభై దాటినవాళ్లు దీన్ని మామూలు చిరునవ్వుగా పెడతారు. పాతికేళ్ల వాళ్లలో చాలామందికి ఇది వెటకారం, లేదా "సరే, మీ ఇష్టం వచ్చినట్టు ఏడవండి" అనే చల్లటి కోపం. మీ కింద పనిచేసే కుర్రవాళ్లకి నిజంగా నవ్వుతూనే రాస్తున్నట్టయితే 😊 కానీ 😄 కానీ పెట్టండి, కళ్లు కూడా నవ్వితేనే వాళ్లు నమ్ముతారు.

కొన్ని బొమ్మలు మనం చదివేదొకటి, గీసినవాళ్లు అనుకున్నదొకటి. ఎమోజీలు బయల్దేరింది జపాన్‌లో. 1999లో అక్కడి ఎన్‌టీటీ డొకొమొ ఫోన్ల కోసం షిగెటాకా కురిటా బృందం చేసిన 176 చిన్న బొమ్మలు, ఒక్కోటి 12 గడుల వెడల్పు, 12 గడుల పొడవు, న్యూయార్క్‌లోని మోమా మ్యూజియం 2016లో తన సేకరణలో చేర్చుకుంది. అందుకే అక్కడి కార్టూన్ అలవాట్లు ఇప్పటికీ కొన్ని మిగిలాయి. 😪 చూడండి, ముక్కు దగ్గర బుడగ, ఏడుపు అనుకుంటాం. అది నిద్ర. 😤 కోపం అనుకుంటాం, అధికారికంగా దాని పేరు గెలిచినవాడి ముఖం. 🙇 దండీలు తీస్తున్నట్టో పడుకున్నట్టో ఉంటుంది, నిజానికి తల వంచి క్షమాపణ అడగడం. ఇలాంటివి వాడకపోతే పోయేదేం లేదు.

ఇక 🙏. మన దగ్గర దీనికి ఉన్నన్ని పనులు ఏ బొమ్మకీ లేవు: నమస్కారం, థాంక్స్, సారీ, ప్లీజ్, భక్తి, సంతాపం, ఇంకా "ఇక చాలు బాబూ, వదిలేయ్" కూడా. తెలుగువాళ్ల మధ్య సందర్భాన్ని బట్టి ఎవరికి వాళ్లు అర్థం చేసుకుంటారు కాబట్టి నడిచిపోతుంది. అమెరికా క్లయింట్‌కి మాత్రం ప్రార్థన చేస్తున్నట్టు అనిపించొచ్చు, పక్కన థాంక్యూ అని ఒక మాట రాయండి. 👍 కూడా అంతే: ఇరాన్, ఇరాక్ లాంటి చోట్ల బొటనవేలు ఎత్తి చూపించడం పాతతరం వాళ్లకి తిట్టు కిందే లెక్క. గల్ఫ్‌లో వ్యాపారం చేసే టోలీచౌకీ, మెహదీపట్నం వాళ్లకి ఇది నేను చెప్పక్కర్లేదు.

తర్వాత: అవతలి ఫోన్ గుర్తుంచుకోండి

యూనికోడ్ సంస్థ ఒక్కో ఎమోజీకి ఒక నంబరూ పేరూ ఇస్తుంది, అంతే. బొమ్మ ఎలా ఉండాలో గీసుకునేది ఆపిల్, గూగుల్, శాంసంగ్ లాంటి కంపెనీలు ఎవరికి వాళ్లే. తుపాకీ బొమ్మని ఆపిల్ 2016లో నీళ్ల పిచికారీగా మార్చింది, మిగతా పెద్ద కంపెనీలు చాలావరకు 2018లో గానీ మార్చలేదు. ఆ మధ్యలో ఐఫోన్ నుంచి హోలీకి పిచికారీ పంపితే అవతల ఆండ్రాయిడ్‌లో తుపాకీ దిగేది. ఇప్పుడు ఆ తేడాలు బాగా తగ్గాయి, పూర్తిగా పోలేదు. పాత ఫోన్‌లో అయితే కొత్త ఎమోజీ ఉత్త డబ్బాలా కనిపిస్తుంది. మీ పెద్దమ్మ "ఈ డబ్బా ఏంటిరా" అని అడిగితే ఆవిడ ఫోన్ పాతదని అర్థం, అప్‌డేట్ చేసి పెట్టండి.

ఇప్పుడు మొత్తం 3,700 పైనే ఎమోజీలు ఉన్నాయి. మనకి పనికొచ్చే ఆటో 🛺, చీర 🥻, దీపం 🪔, గుడి 🛕 నాలుగూ 2019లో ఒకేసారి వచ్చాయి. బిర్యానీకి మాత్రం ఇంకా లేదు. 🍛 పెట్టి సర్దుకుంటున్నాం, అది అన్నం పక్కన కూర. హైదరాబాద్‌లో దాన్ని బిర్యానీ అని పంపడం నాకైతే మనసొప్పదు. బతుకమ్మకీ లేదు, పూలు వరసగా పేర్చి 🌼🌺🌸 పంపుతున్నారు, అది మాత్రం బాగుంటుంది.

ఇంటి గ్రూపులో

ఇక్కడ స్వేచ్ఛ ఎక్కువ. పెళ్లి ఫొటోలకి, పాప మొదటి అడుగుకి, బావగారి కొత్త బండికి గుండెలూ పూలూ ఎన్ని పెట్టినా ఎవరూ లెక్కపెట్టరు, బదులుగా పెట్టినా సరిపోతుంది. పొద్దున్నే గులాబీతో వచ్చే శుభోదయం బాబాయ్ "నేను లేచాను, బాగున్నాను" అని చెప్పే పద్ధతి, దానికి ఒక 🙏 కొట్టడానికి మీకు పట్టేది ఒక్క సెకను, కొట్టండి.

చావు కబురు, ఆస్పత్రి కబురు వస్తే మాత్రం ఆగండి. వాట్సాప్‌లో మెసేజ్‌ని నొక్కి పట్టుకుంటే వచ్చే వరసలో బొటనవేలు, గుండె, నవ్వు అన్నీ పక్కపక్కనే ఉంటాయి, వేలు జారితే ఏది తగులుతుందో తెలీదు. ఆ మెసేజ్‌కి రియాక్షన్ జోలికే పోకుండా రెండు మాటలు టైప్ చేయండి: "అక్కా, ఇప్పుడే చూశాను. సాయంత్రానికి వస్తున్నాం." దగ్గరివాళ్లైతే అదీ కాదు, ఫోన్ చేయండి. 🙏 ఒక్కటే పెట్టి ఊరుకోవడం దూరపు పరిచయం ఉన్న పెద్ద గ్రూపుల్లో చెల్లుతుంది, సొంత మేనత్త భర్త పోతే చెల్లదు.

వేరేవాళ్లు అలాంటి చోట 👍 పెడితే వెంటనే తిట్టకండి. రైల్వే రక్షణ దళంలో ఒక కానిస్టేబుల్, ఒక అధికారి హత్య గురించి గ్రూపులో వచ్చిన మెసేజ్‌కి బొటనవేలు పెట్టాడని, హత్యని మెచ్చుకున్నట్టేనని ఉద్యోగంలోంచి తీసేశారు. కేసు మద్రాస్ హైకోర్టు దాకా వెళ్లింది. ఆ గుర్తుని "సరే, చూశాను" అనే అర్థంలోనూ తీసుకోవచ్చని, అతన్ని మళ్లీ ఉద్యోగంలోకి తీసుకోమన్న తీర్పునే 2024లో డివిజన్ బెంచి నిలబెట్టింది. అంటే చూశానని చెప్పడానికి పెట్టిన ఒక్క బొమ్మ వివరించుకోవడానికి హైకోర్టు కావాల్సి వచ్చింది. "చూశాను సర్, చాలా బాధగా ఉంది" అని టైప్ చేస్తే కేసే లేదు.

అపార్ట్‌మెంట్ గ్రూపులో

"రేపు మంజీరా నీళ్లు రావు, ట్యాంకర్ చెప్పాం" అని సెక్రటరీ పెడితే నూట ఇరవై ఫ్లాట్ల వాళ్లూ విడివిడిగా 👍 మెసేజ్ పంపకండి, అసలు కబురు పైకి వెళ్లిపోయి కనపడకుండా పోతుంది, సాయంత్రం ఇంటికొచ్చినాయన "నీళ్లు ఎందుకు రావట్లేదు?" అని అడుగుతాడు. మెసేజ్‌ని నొక్కి పట్టుకుని రియాక్షన్ ఇవ్వండి. వాట్సాప్‌లో ఈ సదుపాయం 2022 నుంచి ఉంది, మొదట ఆరు బొమ్మలే ఉండేవి, తర్వాత ఏదైనా పెట్టుకునేలా చేశారు. ఒప్పుకుంటున్నారా లేదా అని తేలాల్సిన విషయమైతే, లిఫ్ట్ మరమ్మతుకి ఫ్లాట్‌కి ఎంత వేయాలి లాంటిది, రియాక్షన్లు లెక్కపెట్టకుండా పోల్ పెట్టండి. బొటనవేళ్లలో సగం "చదివాను", సగం "ఒప్పుకున్నాను", ఏది ఏదో తర్వాత ఎవరూ తేల్చలేరు.

ఎన్నికల రోజుల్లో ఇంకో జాగ్రత్త ఉంది. మన దగ్గర కారు, చెయ్యి, కమలం, సైకిల్ అన్నీ పార్టీ గుర్తులు. సెల్లార్‌లో పార్కింగ్ గురించి 🚗 పెట్టినా, "మీటింగ్‌కి ఎవరెవరు వస్తారు, చెయ్యెత్తండి ✋" అన్నా, పూజకి తామర పూలు కావాలని 🪷 పెట్టినా ఎవరో ఒకరు గ్రూపులో రాజకీయాలు వద్దంటూ మొదలుపెడతారు, అర్ధరాత్రి దాకా సాగుతుంది. ఆ నెలంతా మాటల్లోనే రాయండి.

ఆఫీసులో

ముందు తెలుగులో రాసే మెసేజ్‌ల సంగతి. పైవాళ్లకి రాస్తూ మాట మెత్తగా ఉండాలని ఎమోజీ వెతుక్కునే ముందు "అండి", "గారు" పెట్టి చూడండి. "ఫైల్ పంపండి 😊" కన్నా "ఫైల్ పంపగలరా అండి" చాలా మర్యాద, బొమ్మ అవసరం లేదు. "సర్ 🙏🙏🙏" అని మూడేసి దండాలు పెట్టే కొత్త ఉద్యోగులకి: ఒకటి చాలు, అదీ నిజంగా ఆయన సాయం చేసినప్పుడు.

క్లయింట్‌కి మొదటి మెయిల్‌లో ఎమోజీ వద్దు. వాళ్లు వాడటం మొదలుపెట్టాక, వాళ్లు ఒకటి పెడితే మీరూ ఒకటి పెట్టొచ్చు, వాళ్లకన్నా ఎక్కువ పెట్టకుండా ఉంటే చాలు. జీతం, రాజీనామా, మెడికల్ లీవ్, ఫిర్యాదు, అప్రైజల్, వీటి మీద రాసేవాటిలో ఒక్కటి కూడా వద్దు. ఆ మెయిల్ రేపు ఎవరి ముందు తెరుచుకుంటుందో మీ చేతిలో లేదు.

టీమ్ చాట్‌లో మాత్రం ఎమోజీ నిజంగా పని తగ్గిస్తుంది, ఆఫీసులో బదులుగా పెట్టినా నడిచే చోటు ఇదొక్కటి, అయితే అందరూ ముందే అనుకుని ఉండాలి. స్లాక్‌లోనో టీమ్స్‌లోనో ఛానెల్ పైన ఇలా ఒక్క ముక్క రాసి పిన్ చేయండి: 👀 అంటే నేను చూస్తున్నాను, ఇంకెవరూ ముట్టుకోవద్దు; ✅ అంటే అయిపోయింది; 👍 అంటే చదివాను, అంతకు మించి ఏమీ కాదు. ఈ మూడు చాలు. మూడోదాని విషయంలో గట్టిగా ఉండండి, ఎందుకంటే "డెమో బుధవారమా, గురువారమా?" అని అడిగితే 👍 పెట్టే మహానుభావులు మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ప్రతి ఫ్లోర్‌లోనూ ఉన్నారు. అలాంటి జవాబు వస్తే "బుధవారం అనుకుంటున్నాను, కాదంటే నాలుగింటిలోగా చెప్పండి" అని మీరే రాసేయండి.

చెడ్డ కబురుకి 😅 తగిలించకండి. "ప్రొడక్షన్ డౌన్ అయింది 😅" అని మీరు టెన్షన్‌తో రాస్తారు, రాత్రి రెండింటికి నిద్రలేచి చదివేవాళ్లకి మీరు నవ్వుతున్నట్టే ఉంటుంది. తప్పు దిద్దేటప్పుడూ అంతే. "ఈ మాడ్యూల్ మళ్లీ రాయాలి 😊" అంటే మెత్తగా చెప్పినట్టు మీకు అనిపిస్తుంది, అవతల జూనియర్ దాన్ని ఎగతాళి అనుకుని ఆ పూటంతా బాధపడతాడు. దిద్దాల్సింది మాటల్లో నేరుగా చెప్పండి, ఎక్కడ మార్చాలో చూపించండి. ఎమోజీని మెచ్చుకునేటప్పటికి దాచుకోండి, అప్పుడు 👏 ఒక్కటి పెట్టినా విలువ ఉంటుంది.

గుండెలూ ముద్దులూ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. టీమ్ మొత్తం ఉన్న ఛానెల్‌లో మంచి కబురుకి ❤️ రియాక్షన్ మామూలే. అదే గుండె, రాత్రి పదకొండింటికి, ఒక్కరికే వెళ్లే మెసేజ్‌లో, పక్క టీమ్ అమ్మాయికి వెళ్తే మామూలు కాదు. పని ప్రదేశాల్లో మహిళలపై లైంగిక వేధింపుల నివారణకి తెచ్చిన 2013 చట్టం నోటి మాటలతోనే ఆగలేదు, అవతలివాళ్లకి ఇష్టం లేకుండా, నోరు తెరవకుండా చేసే లైంగిక చేష్టలని కూడా అందులో పెట్టింది. కన్ను కొట్టే 😉, ముద్దు 😘, వంకాయ 🍆, పీచ్ 🍑 లాంటివి (చివరి రెండూ అసలు వాడకంలో కూరగాయా, పండూ కాదు, తెలియకపోతే మీ తమ్ముణ్ణి అడగండి) ఆఫీసు వాళ్లకి పంపకండి. గుత్తివంకాయ కూర తెచ్చానని చెప్పాలంటే గుత్తివంకాయ కూర అనే రాయండి.

ఇంకొకటి, జనం పట్టించుకోనిది. చూపు లేనివాళ్లు టాక్‌బ్యాక్, వాయిస్‌ఓవర్ లాంటివాటితో మెసేజ్‌లు వింటారు, ఆ గొంతు ప్రతి ఎమోజీ పేరూ చదువుతుంది. "కంగ్రాట్స్" తర్వాత మీరు పది బాణసంచాలు పెడితే ఆ పేరుని వాళ్లు పదేపదే వినాలి. ఎమోజీ వాక్యం చివర పెట్టండి, ఒకటో రెండో. మధ్యమధ్యలో మాటల బదులు బొమ్మలు గుచ్చితే వాళ్లకి ఆ వాక్యం తెగిపోతుంది.

డబ్బు ఉన్నచోట

కెనడాలో ఒక రైతుకి 2021లో ధాన్యం కొనే కంపెనీ అవిసె గింజల కాంట్రాక్ట్ ఫొటో పంపి కన్ఫర్మ్ చేయమంది. ఆయన 👍 పంపాడు. ధర పెరిగింది, సరుకు పంపలేదు. నేను కాంట్రాక్ట్ అందిందనే చెప్పాను, ఒప్పుకోలేదని ఆయన వాదన. 2023లో కోర్టు ఆ బొటనవేలు సంతకంతో సమానమని తేల్చి 82,000 కెనడా డాలర్లకి పైగా కట్టమంది, 2024లో అప్పీలు కోర్టు కూడా అదే మాట అంది. అది అక్కడి చట్టం, ఆ ఇద్దరి మధ్య అంతకుముందు ఒప్పందాలు ఎలా కుదిరేవో కూడా కోర్టు చూసింది. మన దగ్గర ప్రతి బొటనవేలూ సంతకం అయిపోతుందని కాదు. కానీ రెండు వైపులా జాగ్రత్తపడటానికి ఆ కేసు చాలు.

మీకు ఎవరైనా రేటో, అగ్రిమెంటో పంపితే, ఇంకా ఆలోచించుకోవాలంటే "అందింది, చూసి రేపు చెప్తాను" అని రాయండి, బొటనవేలు వద్దు. మీరే అడిగేవాళ్లైతే బొమ్మతో సరిపెట్టుకోకండి. మియాపూర్‌లో ఇల్లు ఖాళీ చేస్తూ "అడ్వాన్స్ నెలాఖరుకి ఇస్తారా అంకుల్?" అంటే ఓనర్ 👍 పెట్టాడనుకోండి, వెంటనే "థాంక్స్ అంకుల్, 30వ తేదీకి నలభై వేలు అన్నమాట" అని అంకెతో సహా రాసి పెట్టండి. క్యాటరింగ్ ఆయనకైనా, బ్లౌజ్ కుట్టే ఆవిడకైనా ఇదే: ఎన్ని ప్లేట్లు, ఏ తేదీ, ఎంత డబ్బు, వాళ్ల చేత మాటల్లో అనిపించండి.

చిన్న వ్యాపారం ఉండి కస్టమర్లకి ఎస్సెమ్మెస్‌లు పంపేవాళ్లకి ఒక లెక్క. ఇంగ్లిష్ అక్షరాల మెసేజ్ ఒకటి 160 అక్షరాల దాకా వెళ్తుంది. అందులో ఒక్క ఎమోజీ పెట్టగానే పరిమితి 70కి పడిపోతుంది, అంటే ఒక మెసేజ్ రెండు మూడు ముక్కలై అన్నిటికీ డబ్బు పడుతుంది. తెలుగు లిపిలో పంపితే ఎలాగూ 70 దాకానే, ఎమోజీ అందులో రెండు చోట్లు తింటుంది. దిల్‌సుఖ్‌నగర్ బట్టల షాపు పండగ ఆఫర్ పంపేటప్పుడు ఆ మెరుపులు వాట్సాప్‌కి ఉంచుకుంటే మేలు.

టైప్ చేయడం, వెనక్కి తీసుకోవడం

కంప్యూటర్‌లో ఎమోజీ కోసం వెతుక్కోనక్కర్లేదు. విండోస్‌లో విండోస్ మీట పట్టుకుని ఫుల్‌స్టాప్ నొక్కండి, మ్యాక్‌లో కంట్రోల్, కమాండ్, స్పేస్ మూడూ కలిపి నొక్కండి. వాట్సాప్‌లో ఎమోజీ ఒక్కటే పంపితే పెద్దదిగా కనిపిస్తుంది, ఎర్ర గుండె అయితే కొట్టుకుంటుంది కూడా. పై అధికారికి అంత గుండె అవసరం లేదు కాబట్టి పక్కన ఏదైనా మాట ఉండేలా చూడండి.

తప్పు బొమ్మ వెళ్లిపోతే పదిహేను నిమిషాల్లోపు మెసేజ్‌ని నొక్కి పట్టుకుని ఎడిట్ చేయొచ్చు. అందరికీ డిలీట్ చేయడానికి రెండు రోజుల పైన టైమ్ ఉంటుంది. రియాక్షన్ అయితే దాని మీదే మళ్లీ నొక్కితే పోతుంది, కానీ ఈలోగా అవతల నోటిఫికేషన్ కనపడి ఉండొచ్చు. మేనేజర్‌కి 😘 వెళ్లిందనుకోండి, డిలీట్ చేసి మౌనంగా ఉండిపోకండి, "మెసేజ్ డిలీట్ చేశారు" అనే గుర్తు చూసి ఆయన ఇంకేదో ఊహించుకుంటారు. "సారీ సర్, వేలు తగిలి వేరే ఎమోజీ వెళ్లింది, తీసేశాను" అని రాసి, అడగాల్సిన పని ఏదో అదే మెసేజ్‌లో అడిగేయండి.